నాలుగు పిస్టన్లు, రెండు బోల్టులు

మిస్టర్ బీన్ కారు చూపిస్తే గుర్తుపట్టని వాళ్ళు మనలో ఎవరూ ఉండరనుకుంటా. నిమ్మకాయ రంగు, నల్ల బానెట్టు, తలుపుకి బయట తాళంకప్ప. ఆ కారు పేరు మినీ. అలాంటిదే ఒకటి, రంగు వేరనుకోండి, 1987 నాటిది, మా సుబాంగ్ జయ అపార్ట్‌మెంటు పార్కింగులో మూడేళ్ళుగా కాపురం ఉంటోంది. నాకంటే ఏడాది పెద్దది. మా ఆవిడ దాన్ని 'మీ అక్కగారు' అంటుంది. అక్కగారికి జబ్బు చేసినప్పుడల్లా ఖర్చు తమ్ముడిదే కాబట్టి ఆ వరస సరిగ్గానే ఉంది.

సాఫ్ట్‌వేర్ వాడికి పాత కారు ఎందుకయ్యా అని అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతుంది. నిజమే, ఎందుకు? ఉద్యోగంలో నేను చేసే పనేమిటంటే బ్యాంకుల్లో ఇరవై, పాతికేళ్ళ క్రితం ఎవరో రాసి వదిలేసిన ప్రోగ్రాముల్ని, ఎక్కడా ఆపకుండా, కొత్తవాటితో మార్చడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంటికి కనిపించని పాత వస్తువులతో కుస్తీ పట్టేవాడికి, చేత్తో పట్టుకుంటే మసి అంటుకునే పాత వస్తువు ఒకటి ఉంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. అమ్మకి ఇంతవరకూ చెప్పి ఒప్పించలేకపోయాను, మీకైనా అర్థమైతే చాలు.

అసలు సంగతికొస్తాను. పాత కారుకి 'అప్‌గ్రేడ్' బ్రేకులు వేయించుకోవాలన్న ముచ్చట ఉన్నవాళ్ళు ఇక్కడ మలేషియాలో చాలామంది ఉన్నారు. ఇండియాలో కూడా ఈమధ్య పద్మినీలకీ, అంబాసిడర్లకీ డిస్కు బ్రేకులు పెట్టించే సరదా పెరుగుతోందని తమ్ముడు చెప్పాడు. వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. ఆ కాలిపర్ ఏ కారుది, ఎన్ని పిస్టన్లది, దానిలోకి ఆయిల్ ఎక్కణ్ణుంచి వెళ్ళి ఎక్కడికి చేరుతుంది, ఇవన్నీ మీ చేతుల్తో మీరు తేల్చుకునే దాకా దాన్ని కారుకి బిగించనివ్వకండి. షాపువాడు చెప్పాడని, ఎవడో ఫోటో పెట్టాడని, 'అందరూ ఇదే వేస్తారు బాస్' అన్నారని ఒప్పుకోకండి. నేను ఒప్పుకున్నాను. ఏమయిందో చెప్తాను.

ముందు మినీ బ్రేకుల గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. మినీ 1959 ఆగస్టులో వచ్చింది. గీసినాయన అలెక్ ఇసిగోనిస్. మొదట్లో నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, అవీ అంతంతమాత్రం. 1961లో వచ్చిన కూపర్‌కి ముందు చక్రాలకి 7 అంగుళాల డిస్కులు పెట్టారు. 1963లో కూపర్ ఎస్‌కి అవి 7.5 అయ్యాయి. మాంటీ కార్లో ర్యాలీలో 1964, 65, 67 సంవత్సరాల్లో పెద్ద పెద్ద కార్లని ఓడించింది ఈ బుడ్డ కారే (1966లో కూడా ముందొచ్చింది కానీ హెడ్‌లైట్ల మీద తగువు పెట్టి తీసేశారు, అది ఇంకో కథ). మామూలు మినీకి డిస్కులు రావడానికి మాత్రం 1984 దాకా పట్టింది. చక్రాలు 10 అంగుళాల నుంచి 12కి పెంచి, లోపల 8.4 అంగుళాల డిస్కు, రెండు పిస్టన్ల కాలిపర్ పెట్టారు. నా కారుకి ఉన్నవి అవే.

ఇక మెట్రో అని మినీకి చెల్లెలు ఒకటుంది. 1980 అక్టోబరులో వచ్చింది. దాని ముందు డిస్కు కూడా 8.4 అంగుళాలే. కాలిపర్‌కి మాత్రం నాలుగు పిస్టన్లు, ప్యాడ్లు కూడా పెద్దవి. ఆ కాలిపర్ మినీ హబ్బుకి ఇంచుమించు నేరుగా బిగుసుకుంటుంది. అందుకని ప్రపంచంలో మినీ ఉన్న ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు మెట్రో కాలిపర్ల కల వస్తుంది. నాకూ వచ్చింది.

ఊరి పేరు చెప్పను, షాపు పేరూ చెప్పను. ఇక్కడ 'హాఫ్ కట్' అని ఒక వ్యాపారం ఉంది. జపాన్లో వాడిన కార్లని సగానికి కోసి, ఇంజను ఉన్న ముందు ముక్కని ఓడలో తెచ్చి అమ్ముతారు. సంతలో మేక తలకాయలు పెట్టినట్టు వరసగా కారు మొహాలు పేర్చి ఉంటాయి, చూస్తే కొంచెం భయం కూడా వేస్తుంది. అలాంటి షాపుల వీధిలోనే ఇంగ్లీషు కార్ల సామాన్లు అమ్మే అతనొకడు ఉన్నాడు. 'మెట్రో ఫోర్ పాట్' అని బల్ల మీద రెండు కాలిపర్లు పెట్టాడు. కొత్తగా ఎర్ర రంగు వేసి నిగనిగలాడుతున్నాయి. నేను చేసిన పరీక్ష ఏమిటంటే... ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ అని పిస్టన్లు లెక్కపెట్టాను. నాలుగున్నాయి. డబ్బులిచ్చేశాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చదివిన బుర్ర అది!

సాయంత్రానికి బిగించేశాడు. పెడల్ తొక్కి చూడమన్నాడు. తొక్కితే రాయిలా ఉంది, ఇదివరకటి కంటే పైనే ఆగిపోతోంది. 'చూశావా బాస్, ఎంత గట్టిగా ఉందో' అన్నాడు. నేనూ అలాగే మురిసిపోయాను. పెడల్ అంత గట్టిగా ఎందుకుందో ఇద్దరిలో ఒక్కడు ఆలోచించినా సరిపోయేది. ఊళ్ళో రెండు వారాలు తిరిగాను. కొంచెం బలంగా తొక్కాల్సి వస్తోంది, ప్యాడ్లు కొత్తవి కదా, అరగాలిలే అనుకున్నాను.

మూడో వారం సెలవులకి కామెరాన్ హైలాండ్స్ వెళ్ళాం. నేను, మా ఆవిడ, వెనక సీట్లో ఏడేళ్ళ పాప. ఎక్కడానికి ఏ ఇబ్బందీ లేదు. టీ తోటలు చూశాం, స్ట్రాబెర్రీలు కొన్నాం, పాపకి ఒక తేనెటీగ బొమ్మ కొన్నాం. దిగేటప్పుడు తానా రతా నుంచి తాపా వైపు పాత రోడ్డు పట్టాను. సుమారు 60 కిలోమీటర్లు, మెలికలు మెలికలుగా ఉంటుంది. మన తిరుమల ఘాట్ రోడ్డుని ఐదారు రోడ్లుగా అతికించినట్టు ఊహించుకోండి, పక్కన అడవి, వెనక కూరగాయల లారీ.

సగం దారి రాకుండానే తేడా తెలిసింది. పెడల్ కిందికి పోలేదు, సినిమాల్లో చూపించినట్టు బ్రేకులు 'ఫెయిల్' అవలేదు. గట్టిగానే ఉంది. తొక్కుతున్నాను, ఇంకా తొక్కుతున్నాను, సీటుకి వీపు ఆనించి రెండు కాళ్ళతో తొక్కుతున్నాను. కారు మాత్రం తన ఇష్టం వచ్చినంత మేరకే తగ్గుతోంది. ఒక మలుపులో ఎదురుగా బస్సు. దాని పక్కనుంచి ఎలా తప్పుకున్నానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడమే నాకు ఎక్కువ భయం వేసింది. పాప మాత్రం 'నాన్నా, ఏదో మాడిన వాసన వస్తోంది' అంది. రెండో గేరు, కాసేపటికి మొదటి గేరు, అలా ఇంజను అరుస్తుంటే పాక్కుంటూ లాతా ఇస్కందర్ జలపాతం దగ్గర జనం ఆగే చోటికి వచ్చి ఆపాను. ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. గంటన్నర కూర్చున్నాం. పాప జలపాతం చూసి చాలా సంతోషించింది. నేను ఆ నీళ్ళకేసి చూస్తూ 2013 ఆగస్టు 21న గెంటింగ్ కొండ దిగుతూ లోయలో పడిన బస్సు గురించి ఆలోచిస్తున్నాను. అందులో 37 మంది పోయారు.

అక్కడ కూర్చుని చేసిన ఇంకో పని, ఒక చిన్న లెక్క. కారు, మేం ముగ్గురం, సామాను కలిపి 850 కిలోలు అనుకుందాం. ఎత్తు 1400 మీటర్లు. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 11.7 మెగాజౌళ్ళు. మామూలు భాషలో చెప్పాలంటే నలభై లీటర్ల కుళాయి నీళ్ళని మరిగే దాకా కాచేంత వేడి! కొంత గాలికి పోతుంది, కొంత ఇంజను మింగుతుంది. మిగతాదంతా అరచెయ్యంత ప్యాడ్ల దగ్గరే పుట్టాలి. మన ఘాట్ రోడ్ల మీద లారీ డ్రైవర్లు 'ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు' అని ఊరికే అనలేదు. నేను ఆ మాట పాటించలేదు, అది నా తప్పే. కాకపోతే ఆ తప్పు ఒక్కటే అయితే బ్రేకులు ఇంత తొందరగా చేతులెత్తేయవు.

మా ఆఫీసులో ఒక మలేషియా తెలుగు అబ్బాయి ఉన్నాడు. వాళ్ళది బగాన్ దాతో దగ్గర. ఇక్కడి తెలుగువాళ్ళ గురించి మన దగ్గర చాలామందికి తెలియదు. ఎప్పుడో తెల్లదొరల కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి తోటల్లో కూలికి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు. పెరాక్‌లో కొబ్బరితోటల చుట్టుపక్కల ఇప్పటికీ తెలుగు ఇళ్ళు ఉన్నాయి. 1955లో మలయా ఆంధ్ర సంఘం అని పెట్టుకున్నారు, అదే ఇప్పటి మలేషియా తెలుగు సంఘం. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే 'తెలుక్ ఇంతాన్‌లో మా మావయ్య షెడ్డు ఉంది, మెల్లగా అక్కడికి పోండి' అన్నాడు. తాపా నుంచి బీడోర్ మీదుగా, నలభై దాటకుండా, వెనకవాళ్ళ హారన్లు వింటూ వెళ్ళాం. వాలిపోయిన గడియారం బురుజు ఉంటుందే (1885 నాటిది, పీసా బురుజు తమ్ముడన్నమాట), ఆ ఊరే.

ఆయనకి అరవై దాటి ఉంటాయి. లుంగీ, బనీను, చెవి మీద పెన్సిలు. 'రండమ్మా, కూకోండి, పాపకి మైలో కలపనా' అన్నారు మా ఆవిడతో. ఆ యాస విని మా ఆవిడకి (ఆవిడది విజయనగరం) కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొద్దున్నుంచి ఆపుకున్నవి కూడా అందులో కలిసి ఉంటాయి.

చక్రం విప్పి, ప్యాడ్లు లాగి, నా చేతిలో పెట్టారు. 'ఏటి కనిపిస్తంది బాబూ?' అన్నారు. ఏమీ కనిపించలేదు. 'అంచు సూడు లా' అన్నారు. (ఇక్కడివాళ్ళు ఏ భాష మాట్లాడినా చివర 'లా' తగిలిస్తారు, తెలుగుకీ మినహాయింపు లేదు.) చూస్తే ప్యాడ్ ఒక చివర మందంగా, ఇంకో చివర పల్చగా, గడపకి పెట్టే చెక్కముక్కలా ఏటవాలుగా అరిగింది. నాలుగు ప్యాడ్లూ అంతే.

'నాలుగు పిస్టన్లు నొక్కితే ప్యాడు ఇలగ అరగదు. రెండే నొక్కుతున్నాయి' అని కాలిపర్ వెనక్కి తిప్పి చూపించారు. ఒక రంధ్రంలోకి బ్రేకు గొట్టం వస్తోంది. పక్కన ఇంకో రంధ్రం ఉంది. దానికి శుభ్రంగా ఒక బోల్టు బిగించి ఉంది.

సంగతేమిటంటే, తొలి రోజుల మెట్రోలలో ఒక్కొక్క ముందు కాలిపర్‌కి రెండు ఆయిల్ దారులు ఉండేవి. బ్రేకు ఆయిల్ రెండు సర్క్యూట్లుగా విడిపోయి, ఒక్కొక్క దారి ఒక్కొక్క జత పిస్టన్లని నడిపేది. ఒక సర్క్యూట్ కారిపోయినా రెండు ముందు చక్రాలకీ సగం బ్రేకైనా మిగలాలని ఆ ఏర్పాటు. మంచి ఆలోచన. తర్వాత వచ్చిన రకాల్లో ఒకటే దారి, లోపల నాలుగు పిస్టన్లకీ అదే పంచుతుంది. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. మా షాపతనికి తెలిసింది ఒక దారి రకం. రెండో రంధ్రం కనిపించేసరికి 'ఇది అక్కర్లేనిది' అనుకుని మూసేశాడు. ఆయిల్ సగం పిస్టన్లకే వెళ్ళింది. సగం పిస్టన్లే కదలాలి కాబట్టి తక్కువ ఆయిల్‌తోనే పెడల్ గట్టిపడింది. మేమిద్దరం చూసి మురిసిపోయిన గట్టితనం అదీ! నాలుగు పిస్టన్ల డబ్బిచ్చి, కారుతో పాటు వచ్చిన పాత కాలిపర్ కంటే తక్కువ పట్టు కొనుక్కున్నాను.

నా ఉద్యోగంలో ఇలాంటిదే రోజూ చూస్తాను. పాత ప్రోగ్రాములో ఎవరూ పిలవని ఫంక్షన్ ఒకటి కనిపిస్తుంది. 'ఇది వాడుకలో లేదు' అని ఎవడో కుర్రాడు తీసేస్తాడు. ఎర్రర్ ఏమీ రాదు, పైపెచ్చు ప్రోగ్రాము కొంచెం వేగంగా కూడా నడుస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. నెలాఖరున వడ్డీ లెక్కలు వేసే రాత్రి దాకా. అలాంటి కుర్రాళ్ళని ఎంతమందిని కేకలేశానో. నా కారు దగ్గరికొచ్చేసరికి ఎర్ర రంగు చూసి పడిపోయాను.

ఆ తర్వాత నేర్చుకున్నవి కొన్ని చెప్తాను, మినీ వాళ్ళకే కాదు, ఏ పాత కారుకైనా పనికొస్తాయి. కాలిపర్ చేతికి రాగానే ముందు దాని రంగు, మడ్డి వదిలించండి. పోతపోసినప్పుడే అక్షరాలో అంకెలో దాని ఒంటి మీద వేసి ఉంటారు, రంగు కింద అవి దాక్కుంటాయి. కొత్త రంగు వేసిన పాత కాలిపర్ అంటే నాకిప్పుడు పౌడరు దట్టంగా రాసుకున్న పెళ్ళికొడుకులా అనుమానం వస్తుంది. ఇంకా నమ్మకమైన వేలిముద్ర ప్యాడ్. ఒక్కొక్క రకం కాలిపర్‌కి ప్యాడ్ వెనక రేకు ఆకారం ఒక్కోలా ఉంటుంది, చాలావాటి మీద ఐదంకెల నెంబరు కూడా గుద్ది ఉంటుంది. ఆ ప్యాడ్ పట్టుకెళ్ళి ప్యాడ్ల కంపెనీల కాటలాగులో బొమ్మ పక్కన పెట్టి చూస్తే ఏ కారు, ఏ సంవత్సరం అన్నది బయటపడుతుంది.

తర్వాత డిస్కు దూరే సందు కొలవండి. మెట్రోలోనే రెండు రకాలున్నాయి. మామూలు డిస్కు సుమారు 10 మిల్లీమీటర్ల మందం. మెట్రో టర్బోకి పెట్టిన, మధ్యలో గాలి ఆడే రకం సుమారు 13. వెడల్పు కాలిపర్‌కి పల్చటి డిస్కు వేస్తే పిస్టన్లు ఉండాల్సిన దానికంటే బయటికి వచ్చి నిలబడతాయి. ప్యాడ్లు అరిగే కొద్దీ ఇంకా బయటికి వస్తాయి. అది ఎక్కడికి దారితీస్తుందో చెప్పక్కర్లేదు.

పిస్టన్ వ్యాసం వెర్నియర్‌తో కొలవడం మర్చిపోకండి. వ్యాసంలో చిన్న తేడా వైశాల్యంలో పెద్ద తేడా అవుతుంది. ఉదాహరణకి 48 మిల్లీమీటర్ల పిస్టన్ స్థానంలో 54ది పెడితే పట్టు దాదాపు 27 శాతం పెరుగుతుంది. దాంతో పాటు నెట్టాల్సిన ఆయిల్ కూడా 27 శాతం పెరుగుతుంది, ఆ నెట్టేది మీ పాత మాస్టర్ సిలిండరే. పెడల్ కిందికి దిగుతుంది. 'పెద్ద కాలిపర్ వేశాక పెడల్ మెత్తబడింది' అనేవాళ్ళలో సగం మంది గాలి తీయించుకుంటూ తిరుగుతుంటారు, అక్కడ గాలి లేదు, లెక్క ఉంది.

మరల సంగతి ఇంకా ప్రమాదం. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో అంగుళాల మరలు, మిల్లీమీటర్ల మరలు కలగాపులగంగా ఉంటాయి. 3/8 అంగుళం మర అంటే 9.5 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల మర పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. అంగుళాల గొట్టాన్ని 10 మిల్లీమీటర్ల రంధ్రంలో తిప్పితే దర్జాగా తిరుగుతుంది, బిగుసుకున్నట్టు నటిస్తుంది కూడా. గట్టిగా బ్రేకు తొక్కిన రోజున ఊడి వస్తుంది. చేత్తో చివరిదాకా వదులు లేకుండా తిరుగుతోందా అని చూసుకున్నాకే పానా పట్టుకోవాలి.

కుడి ఎడమలు తారుమారు చేసేవాళ్ళూ ఉన్నారు. అలా వేస్తే గాలి తీసే నిపుల్ కిందికి వస్తుంది, గాలి మాత్రం పైనే కూర్చుంటుంది. ఎన్ని సీసాల ఆయిల్ పోసినా అది రాదు.

ఇక అసలు పరీక్ష, ఆ తెలుక్ ఇంతాన్ బాబాయి గారు నాకు చేసి చూపించింది. కాలిపర్‌ని బల్ల మీద బిగించి, పిస్టన్ల మధ్య ఒక చెక్కముక్క అడ్డం పెట్టి (వేళ్ళు దూరంగా ఉంచి, పిస్టన్ వేలిని పప్పు చేసేస్తుంది), ఒక దారి నుంచి కొద్దిగా గాలి కొట్టి, ఎన్ని పిస్టన్లు కదిలాయో చూడటం. రెండు నిమిషాల పని. నాలుగు కదిలితే ఒక దారి రకం. రెండే కదిలితే రెండో దారి ఎక్కడో ఉంది, వెతుక్కోవాలి. నేను పిస్టన్లని లెక్కపెట్టాను, కదిలే పిస్టన్లని లెక్కపెట్టలేదు.

బాబాయి గారి అభిప్రాయం ఇంకొకటి ఉంది, అక్కడ మాత్రం నేను ఆయనతో ఏకీభవించను. 'పాత బండికి పాత బ్రేకే సరిపోతది. దాన్ని సుబ్బరంగా ఉంచుకుంటే సాలు' అన్నారు. అందులో చాలా నిజం ఉంది. కారుని చివరికి ఆపేది టైరు. పాత కాలిపర్ చక్రాన్ని జారేంతగా పట్టగలిగితే, పెద్ద కాలిపర్ వేసినా అంతకంటే తక్కువ దూరంలో ఆగదు. పెద్దది చేసే మేలల్లా వేడిని తట్టుకోవడం, కాలుకి శ్రమ తగ్గించడం. ఆ వేడి సగం బ్రేకు ఆయిల్ సమస్య. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నిబంధన. అదే తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155. సంవత్సరం పొడుగునా ముసురు పట్టినట్టుండే ఈ దేశంలో ఆ ఆయిల్ తేమ తాగకుండా ఉంటుందా? నా కారుకి ఆయిల్ ఎప్పుడు మార్చారో చెప్పే కాగితం ఏదీ లేదు. కాలిపర్లకి పోసిన డబ్బులో ఇరవయ్యో వంతుతో కొత్త ఆయిల్, కొత్త గొట్టాలు, కొత్త సీళ్ళు వేయించుకుని ఉంటే కామెరాన్ నుంచి నవ్వుకుంటూ దిగేవాణ్ణి.

అయినా ఏకీభవించను. ఎందుకంటే రోడ్డు మారింది. 1987లో మినీ ముందు వెళ్ళే కారు కూడా ఇంచుమించు మినీలాగే ఆగేది. ఇప్పుడు ఫెడరల్ హైవే మీద నా ముందున్న కారు కంప్యూటర్ సాయంతో టక్కున నిలబడిపోతుంది, వెనకున్న నా అక్కగారు 'ఆగుతున్నా, ఆగుతున్నా' అంటూ వస్తుంది. పాప వెనక సీట్లో ఉన్నప్పుడు 'అసలైన పాతదనం' అన్న మాట నాకు పెద్ద విలువైనదిగా కనిపించదు. ఏ బోల్టూ మార్చకూడదు, కంపెనీ పెట్టిందే వేదం అనే భక్తులు ఈ పాత కార్ల లోకంలో చాలామంది. వాళ్ళ కార్లు ఆదివారం పూట వరసగా నిలబడి ఫోటోలు దిగుతాయి, బాగుంటాయి. నా కారు ఆఫీసుకి వెళ్తుంది.

అందుకని మెట్రో కాలిపర్లనే ఉంచాను. బాబాయి గారు సణుక్కుంటూనే చేసిపెట్టారు. ఆ రోజు బోల్టులు తీసేసి, రెండు దారుల్నీ చిన్న గొట్టంతో కలిపి, కొత్త ప్యాడ్లు, కొత్త ఆయిల్ వేసి, గాలి తీశారు. ఇలా కలిపితే మెట్రో వాళ్ళు పెట్టిన ఆ రెండు సర్క్యూట్ల భద్రత పోతుంది. నా మినీలో ఒక సర్క్యూట్ ముందు చక్రాలకి, ఒకటి వెనక్కి. ముందుది పోతే వెనక ఉన్న చిన్న డ్రమ్ములే దిక్కు. ఆ సంగతి తెలిసే ఒప్పుకున్నాను. తెలిసి ఒప్పుకోవడానికి, తెలియక ఒప్పుకోవడానికి మధ్య ఒక కొండ తేడా ఉందని ఇప్పుడు నాకు తెలుసు. పెడల్ ఇదివరకటి కంటే కొంచెం కిందికి వెళ్తుంది, అంత రాయిలా ఉండదు. కారు ఆగుతుంది.

డబ్బులు అడిగితే ఆయిల్‌కీ ప్యాడ్లకీ తప్ప తీసుకోలేదు. మా ఆవిడ స్ట్రాబెర్రీల డబ్బా ఒకటి ఇచ్చింది. పాపకి ఆయన బోల్టులు రెండూ ఇచ్చేశారు, ఆడుకోమని. నేను వాటిని పాప దగ్గర్నుంచి బతిమాలి తీసుకున్నాను.

తర్వాతి శనివారం ఆ షాపుకి వెళ్ళాను. దారిపొడుగునా ఏమేమి తిట్టాలో వరసగా పేర్చుకున్నాను, తెలుగులో, ఇంగ్లీషులో, వచ్చిన నాలుగు మలయ్ ముక్కల్లో. ఏటవాలుగా అరిగిన ప్యాడ్లు, రెండు బోల్టులు బల్ల మీద పెట్టాను. అతను వాటికేసి చాలాసేపు చూశాడు. వాదించలేదు. మొహం పాలిపోయింది. డబ్బులిచ్చేస్తానన్నాడు. నాకు డబ్బులు కాదు, ఇలాంటివి ఇంకెవరికి వేశావో చెప్పమన్నాను. అదే పెట్టెలో వచ్చిన కాలిపర్లు ఇంకో రెండు కార్లకి వేశానన్నాడు. ఒకాయనకి నా ముందే ఫోన్ చేశాడు, ఆయన కారు బయటికి తీయనని చెప్పి సోమవారం లారీ మీద పంపించాడట.

రెండో ఆయన నెంబరు పుస్తకంలో లేదు. డబ్బు చేతికిచ్చి వెళ్ళిపోయాడట. పెనాంగ్ వైపు మనిషన్నాడట, కారు లేత నీలం, పైన తెల్ల టాపు, 12 అంగుళాల చక్రాలు. ఇప్పటికి ఐదు వారాలైంది. ఇక్కడి మినీ వాళ్ళందరికీ చెప్పాం, ఇంకా దొరకలేదు. మీలో ఇపోలోనో, పెనాంగ్‌లోనో ఉన్నవాళ్ళకి అలాంటి కారు కనిపిస్తే, ముందు కుడి చక్రం సందులోంచి ఎర్ర కాలిపర్ కనిపిస్తే, ఆయన్ని ఆపి చెప్పండి. కొండ ఎక్కక ముందే.